ఈకలు రాలే రోజుల్లో

"ముందు ఆ చెయ్యి బయటికి తీయండి."

పక్కింటి కొత్త కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. గోడ మీంచి వంగి, కోళ్ల గూటి జాలీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు.

"మీ కోడి మెడ మీద ఈకలు లేవండీ. ఏమైందో చూద్దామని..."

"చూడ్డానికి కళ్లు చాలవా?"

అతను చెయ్యి తీశాడు. అరచెయ్యి ఖాళీగానే ఉంది. అయినా ఆమెకి నమ్మకం కుదరలేదు.

ఆమె వీధి గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. కోళ్లు ఆమెవి కావు, పెద్దమ్మవి. అమ్మ పోయాక తనని పెంచిన పెద్దమ్మ, తన కూతురి పురిటికి వెళ్తూ ఒక్కటే మాట చెప్పింది. "నువ్వు తిన్నా తినకపోయినా వాటికి మాత్రం వేళకి పెట్టు."

వేళకే పెట్టింది. అయినా పెద్దమ్మ అలా వెళ్లిందో లేదో పెరడంతా ఈకలే. గుడ్లు తగ్గి తగ్గి ఆగిపోయాయి. కోళ్లు అరిగిపోయిన చీపుళ్లలా తయారయ్యాయి. సరిగ్గా అప్పుడే పక్క వాటాలోకి ఇతను దిగాడు. అంబులెన్స్ డ్రైవర్. ఎప్పుడొస్తాడో ఎప్పుడెళ్తాడో తెలీదు. గుడ్లు ఎటు పోతున్నాయో ఇంక వేరే చెప్పాలా అనుకుంది. పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మాత్రం "అన్నీ బాగున్నాయి" అనేసేది.

ఓ సాయంత్రం అతను భుజం దగ్గర చిరిగిన యూనిఫాం చొక్కా పట్టుకొచ్చాడు. ఆమె దాన్ని మిషన్ మీద పెట్టబోతూ జేబు తడిమితే గోధుమరంగు ఈక తగిలింది.

"ఏంటిది?"

"ఈక."

"అది నాకూ తెలుసు. మా కోడి ఈక మీ జేబులో ఏం చేస్తోందీ అని."

అతను తల గోక్కున్నాడు. "నిజం చెప్తే తిడతారు."

"చెప్పకపోయినా తిడతాను."

"మీరే పీకుతున్నారని అనుమానం వచ్చిందండీ. మొన్న దిండ్లు కుడుతున్నారు కదా. అందుకే పశువుల డాక్టరుకి చూపిద్దామని దాచాను."

"అవి దూది దిండ్లు."

"ఆ కత్తెర కింద పెట్టి చెప్పండి, నమ్ముతాను."

నవ్వొచ్చింది గానీ పెదవి కొరికి ఆపుకుంది. దొంగలు కూడా సరదాగానే మాట్లాడతారు.

"కోళ్లు పెంచినవాళ్లెవరూ మీకు తెలీదా? వాళ్లనే అడుగుదాం," అన్నాడతను.

ఇంక తప్పలేదు. స్పీకర్ పెట్టి పెద్దమ్మకి ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"దీనికా ఇన్నాళ్లు దాచావు?" అంది పెద్దమ్మ. "ఏటా రాలుస్తాయే. పాత ఈకలు పోయి కొత్తవి రావాలిగా. ఒంట్లో బలమంతా వాటికే పోతే గుడ్లెక్కణ్ణుంచి పెడతాయి? గింజల్లో కాస్త ఎండు చేపల పొడి కలుపు. కొత్త ఈక మొలిచే చోట ముట్టుకుంటే నొప్పి, ఊరికే చేతుల్లోకి తీసుకోకు."

"హమ్మయ్య," అన్నాడతను.

"ఆ మగగొంతు ఎవరిదే?"

"కస్టమర్."

మర్నాడే అతను చేపల పొడి తెచ్చి గోడ మీద పెట్టాడు. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో గోడ దగ్గరికి వచ్చేవాడు. పలకరిస్తే పలికేది, నవ్విస్తే నవ్వేది. కానీ గదిలోకి వెళ్లాక ఆలోచనలో పడేది. ఇంత మంచితనం వెనక ఏదో ఉండే ఉంటుంది.

వాన జోరుగా పడుతున్న మధ్యాహ్నం కోళ్లు ఒక్కసారిగా గోల పెట్టాయి. కుడుతున్న గుడ్డ సూది కిందే వదిలేసి పరిగెత్తింది. పెరటి తలుపు లోపల గడియ పెట్టే ఉంది. అయినా అతను పెరట్లో నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఎర్రకోడి. చొక్కా మీద నెత్తురు.

ఆమె ఆగిపోయింది. మనసులో పాత అనుమానం ఒక్కసారి తల ఎత్తింది. అంతలో అతను కోడిని పట్టుకున్న తీరు చూసింది. ముళ్లలా మొలుస్తున్న ఈకలకి తగలకుండా, పొట్ట కింద రెండు చేతులూ పెట్టి ఎత్తుకున్నాడు.

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"రెక్క కింద చిన్న గాటు. భయం లేదు."

"కోడికి కాదు. మీకెక్కడ అని అడుగుతున్నాను."

అప్పుడు చూసుకున్నాడు తన మణికట్టు. "ముంగిసండీ. కోళ్ల గోల విని గోడ దూకొచ్చాను. జాలీ కింద మట్టి తవ్వి దూరింది. లాగబోతే కరిచి పారిపోయింది."

కోడిని బుట్ట కింద పెట్టి, అతని చేతిని కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగింది. "పదండి ఆస్పత్రికి."

"రోజూ వెళ్లేదే కదా."

"ఈసారి పేషెంటుగా వెళ్దురుగాని."

ఇంజెక్షన్ కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు అతనే మెల్లగా అడిగాడు. "నన్ను అనుమానించలేదేం?"

"ఒక్క క్షణం అనుమానించాను."

"తర్వాత?"

"తర్వాత భయమేసింది. కోడి కోసం కాదు."

నర్సు పేరు పిలిచింది. రెండోసారి పిలిస్తే గానీ అతను లేవలేదు.

వాన తెరిపిచ్చాక ఇద్దరూ గూటి చుట్టూ తవ్వి, జాలీని మట్టిలో లోతుగా పాతి, మీద రాళ్లు పేర్చారు. పెద్దమ్మ తిరిగొచ్చేసరికి కోళ్లు కొత్త ఈకలతో నిగనిగలాడుతున్నాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ నిమిరి, గూటి దగ్గర ఆగింది.

"ఇంత లోతు ఎవరు తవ్వారే?"

"పక్కింటాయన."

"ఊరికేనా?"

గోడ అవతల కనిపించీ కనిపించకుండా ఓ తల కదిలింది. పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇదిగో బాబూ, నిజం చెప్పు. నీకు కోళ్లంటే అంత ఇష్టమా?"

అతను గోడ అవతల నిటారుగా లేచి నిలబడ్డాడు.

"కోళ్లంటే నాకు చిన్నప్పట్నుంచీ భయమండీ."

ఆమె గబుక్కున తల దించుకుంది. పెద్దమ్మ అటు తిరిగి నవ్వు దాచుకుంది.

"అయితే లోపలికి రా, మాట్లాడదాం. గోడ దూకకు. గుమ్మంలోంచి రా."