బోల్టు మీద పసుపు గీత

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు.

అమ్మ. పెద్దన్నయ్య. చిన్నన్నయ్య. పిట్ట.

తెల్లారేసరికి ముగ్గురే మిగిలారు.

ఇప్పుడు పిట్ట షెడ్డులో ఉంది. చిన్నన్నయ్యకి చెందిన ఎర్ర స్పోర్ట్స్ కారు కింద, వెల్లకిలా పడుకుని. బయట చీకటి, వాన. చేతిలో టార్చి.

చిన్నన్నయ్య పెద్దన్నయ్యతో పోట్లాడి, కారేసుకుని పారిపోయాడని అమ్మ చెప్పింది. ఎక్కడో దూరాన, రైల్వే స్టేషన్ బయట కారు దొరికింది. పోలీసులు దాన్ని తమ లారీ మీదకెక్కించి తెచ్చిచ్చారు. మనిషిని వెతకడం మానేశారు.

కానీ చిన్నన్నయ్య తనకి చెప్పకుండా వెళ్ళడు. వెళ్ళడంతే!

టార్చి వెలుగు డ్రైవ్ షాఫ్ట్ మీద పడుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి వెళ్ళే పొడవాటి ఇనుప గొట్టం. దాని బోల్టుల మీద...

పసుపు గీతలు!



ఆ గీతలు ఎవరివో ఆమెకి తెలుసు. చెడిపోయిన బళ్ళని లాక్కెళ్ళడం పెద్దన్నయ్య పని. ఇలాంటి గేర్ల కారుని ముందువైపు ఎత్తి దూరం లాగాలంటే, ముందు షాఫ్ట్ విప్పేస్తాడు. "న్యూట్రల్‌లో పెడితే చాలనుకుంటారు వెర్రివాళ్ళు! ఇంజన్ ఆగితే లోపల గేర్లకి ఆయిల్ అందదే. చక్రాలు తిరిగేకొద్దీ గేర్‌బాక్స్ మాడి చస్తుంది" అంటాడు. ఊరు చేరాక షాఫ్ట్ మళ్ళీ బిగించి, బిగించినట్టు గుర్తుగా ప్రతి బోల్టు మీదా పసుపు గీత గీస్తాడు.

చెయ్యి దానంతటదే చేసే పని.

ఆ రోజు పొద్దున చిన్నన్నయ్యా తనూ కారు అడుగంతా కడిగారు. అప్పుడీ గీతల్లేవు.

అంటే... ఈ కారుని ఎవరూ నడపలేదు. లాక్కెళ్ళారు!

బూట్ల చప్పుడు.

పెద్దన్నయ్య వంగి చూస్తున్నాడు.

"కింద ఏం చేస్తున్నావే?"

"కమ్మ... కమ్మ పడిపోయింది అన్నయ్యా."

"రెండూ చెవులకే ఉన్నాయి కదే!"

పిట్ట పాక్కుంటూ అవతలి వైపు లేస్తుంది. మధ్యలో కారు.

"నువ్వే లాక్కెళ్ళావు కదూ?"

పెద్దన్నయ్య చేతిలోని స్పానర్ కారు మీద పెడతాడు.

"దొంగ బళ్ళు లాగుతున్నానని పోలీసులకి చెప్తానన్నాడే. ఒక్క తోపు తోశానంతే... నా లారీ కొక్కేనికి తల తగిలింది. అక్కడే పోయాడు."

"మరి షాఫ్ట్ ఎందుకు విప్పావు?"

"వాడికి ప్రాణమే ఈ కారంటే. పాడైపోతుందని..."

పెద్దన్నయ్య ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడిలా.

పిట్ట పరుగు!

వాన. బురద. ఒక చెప్పు ఊడిపోతుంది. వెనక బూట్లు...

"ఆగవే పిట్టా!"

ఆగదు. ఇంట్లో ఫోనుంది. పోలీసులకి ఒక్క మాట చెబితే చాలు... చిన్నన్నయ్య ఎక్కడున్నాడో తవ్వి తీస్తారు!

గుమ్మం. తలుపు తీసి అమ్మ నిలబడి ఉంది.

"అమ్మా! చిన్నన్నయ్య పారిపోలేదు! ఆ బోల్టుల మీద..."

అమ్మ ఆమెని చూడటం లేదు. ఆమె తల మీదుగా, వెనక వస్తున్న కొడుకుని చూస్తోంది.

"ఆ గీతలు తుడిచెయ్యమన్నాను కదరా!"



అమ్మ కళ్ళు అప్పుడు పిట్ట మీదకి దిగుతాయి. నిండా నీళ్ళు.

"ఒకడు పోయాడు పిట్టా. వీణ్ణి కూడా పోగొట్టుకోలేనే..."

పిట్ట మొహం మీదే తలుపు మూసేస్తుంది.

లోపల గడియ పడుతుంది.