రుద్దొద్దన్న రాయి

కరీంనగర్ తౌసీఫ్‌కు లితోగ్రాఫుల పిచ్చి. అదేం పిచ్చో ఏమో గాని, చిత్రకారుడు జిడ్డు పెన్సిల్‌తోని రాయి మీద స్వయంగ గీసి, కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ కనవడితే చాలు, తిండి సుత మర్చిపోతడు. పైంగ ఆ బొమ్మ ఇంకెవ్వరింట్ల ఉండొద్దు. తన గోడకే ఉండాలె. గదీ ఆయన గుణం!

ఓ వానాకాలం పగటిపూట నస్పూర్‌ల కోమలమ్మ ఇంటికి పోయిండు. నేనొస్త నేనొస్త అని బిడ్డ అంబ్రీన్ ఎంబడి వచ్చింది. ఎడమ చెంపకు పుట్టుమచ్చ ఉన్న పిల్ల, ఒక్కగానొక్క బిడ్డ. దాని కండ్లల్ల నీళ్లు తిరిగితే ఈయనకు పానం పోయినంత పనయితది.

కోమలమ్మ పెనిమిటి పేరున్న చిత్రకారుడు. ఆయన పోయినంక ఒక్కటే అచ్చు మిగిలింది. తలుపు చాటున నిలవడ్డ ఆడపిల్ల బొమ్మ.

"జరమొచ్చి సచ్చిపోయిన మా రమ," అన్నది కోమలమ్మ మెల్లగ. "బొమ్మ తీస్కపో బిడ్డా. దీన్ని గీసిన రాయి షెడ్డుల ఉన్నది, దాన్ని మాత్రం ముట్టకు. మా పిల్ల దాంట్లనే ఉన్నది."

తౌసీఫ్ తలైతే ఊపిండు. మనసు ఊకుంటదా? రాయి ఉన్నన్ని రోజులు ఎవడన్న ఇంకో అచ్చు తియ్యొచ్చు. ఇసుక పోసి రుద్దితే గీత చెరిగిపోతది, తన బొమ్మ ఒక్కటే మిగుల్తది. ఆమె చాయ్ పెట్టనీకి లోపలికి పోంగనే, అంబ్రీన్‌ను కారుకాడ ఉండమని షెడ్డుల దూరిండు.

మబ్బు కమ్మి లోపలంత చీకటి. పాత సిరా వాసన, తడి మట్టి వాసన. నీళ్లు చల్లి, ఇసుక పోసి, చిన్న రాయితోని రుద్దవట్టిండు. ఘర్... ఘర్... రమ మొఖం చెరిగింది. హమ్మయ్య అనుకున్నడు.

నీళ్లు తుడిస్తే... మొఖం మళ్ల తేలింది.

గట్టిగ రుద్దిండు. మళ్ల తేలింది. ఈసారి రమ కాదు... ఎడమ చెంపకు పుట్టుమచ్చ.

"అబ్బూ..."

గుసగుస. రాయిలకెల్లి.

"అబ్బూ... జర మెల్లగ... మొఖం మండుతుంది..."

తౌసీఫ్ పై పానాలు పైన్నే పోయినయి. చేతుల రాయి ఆడ్నే పారేసి బయటికి ఉరికిండు. కారుకాడ అంబ్రీన్ నిలవడే ఉన్నది. యా అల్లా! బిడ్డను అలుముకొని బోరున ఏడ్చిండు. దాని జడ నిండ తడి ఇసుక.

"పా బేటా, ఇంటికి పోదాం," అని మొఖం పైకెత్తిండు.

పుట్టుమచ్చ కుడి చెంపకున్నది. రాయి మీద ఎడమకు గీసింది కాగితం మీద కుడికి పడ్డట్టు.

ఆ పిల్ల ఆయన్ను ఎరుగనట్టు చూసింది. చాయ్ గిలాసలు పట్టుకొని వాకిట్లకొచ్చిన కోమలమ్మను చూసి నవ్వింది.

"అవ్వా!"

అచ్చం రమ గొంతు! కోమలమ్మ చేతులకెల్లి గిలాసలు కిందవడ్డయి.

తౌసీఫ్ షెడ్డు దిక్కు ఉరికిండు. తలుపుకు లోపట్నుంచి గొళ్లెం. లోపట ఎవ్వరూ లేరు, ఇప్పుడే కదా ఆయన బయటికొచ్చింది!

"ఆపుండ్రి... నా బిడ్డ... ఆపుండ్రి!" తలుపును గుద్దవట్టిండు.

ఘర్... ఘర్... లోపట ఎవరో రాయిని ఇంకా రుద్దుతనే ఉన్నరు.