గుమ్మడికాయ కొట్టని సెట్టు

మనోజ్ఞకి ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. దీనికంతటికీ కారణం ఒక బురదగుంట.

ఫిల్మ్‌నగర్ వెనకాల పాత రాతి క్వారీ ఒకటుంది. ఓ చెరువులో పూడిక తీసినప్పుడు ఆ బురదంతా తెచ్చి అందులో పోశారు. ఏళ్ల తరబడి ఫ్యాక్టరీల నీళ్లు తాగిన చెరువు. ఆ బురదలో సీసం, పాదరసం, ఇంకా నోరు తిరగని విషాలు బోలెడు. ఇప్పుడు ఆ స్థలాన్ని ఏం చెయ్యాలో ప్లాను రాసిచ్చే పని, కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీరైన మనోజ్ఞ మీద పడింది. సోమవారం మీటింగు. ఆమెకి తోచిన దారి ఒకటే. మందపాటి షీటు పరిచి, దాని మీద బంకమట్టి దిమ్మిస కొట్టి, శాశ్వతంగా మూత వేసెయ్యడం. ఆపైన అక్కడ గడ్డి మొలవాలే తప్ప ఎవరూ గునపం దించకూడదు.

చిక్కల్లా ఇంట్లోనే ఉంది. ఆమె భర్త వరప్రసాద్ ఆర్ట్ డైరెక్టర్. రెండేళ్లుగా చేతిలో సినిమా లేక గోళ్లు గిల్లుకుంటున్నాడు. ఆ స్థలం షూటింగులకి వదిలితే అక్కడ వేసే కోట సెట్టు నీదేనని ఓ నిర్మాత ఆశ పెట్టాడు.

"మూత వెయ్యాలని రాయకు మనూ. ఈ ఒక్క సినిమా కానీ. తర్వాత ఏ మూతైనా వేసుకోండి," అన్నాడు.

అలా బతిమాలే మొగుణ్ణి చూసి ఆమె ఫైలు పక్కన పెట్టింది. "ముందు ఆ చోటు మీ కళ్లతో చూద్దురు గాని, పదండి," అంది.

ఆదివారం సాయంత్రం వెళ్లారు. ముసురు పట్టి ఉంది. గేటుకి దిష్టి కోసం కట్టిన బూడిదగుమ్మడికాయ తడిసి నిగనిగలాడుతోంది. వాచ్‌మన్ భిక్షం గేటు తీశాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

"బురద పొయ్యక ముందు గీడ సెట్టేసిండ్రు సార్. వానకు క్వారీ గోడ కూలింది. నలుగురు పనోళ్లు దొరకనే లేదు. పిక్చర్ ఆగిపాయె. గుమ్మడికాయ గూడ కొట్టలే," అన్నాడు.

సినిమావాళ్లకి కొబ్బరికాయతో పని మొదలు, గుమ్మడికాయతో ఆఖరు. అది కొట్టేదాకా పని అయిపోయినట్టు కాదు. ఈ సంగతి వరప్రసాద్‌కి ఒకరు చెప్పాలా? అయినా ఆశ మనిషిని కుదురుగా ఉండనివ్వదు. సంచిలోంచి కొబ్బరికాయ తీసి గట్టు మీది రాయికేసి కొట్టేశాడు. కొలతలకని సుత్తితో ఓ మేకు కూడా దిగ్గొట్టాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. టక్ టక్... ఠంగ్. ఇంట్లో పటం తగిలించినా ఆయన చేతిది అదే వరస.

కింద నుంచి ఎవరో బదులు కొట్టారు.

"కొండ మార్మోగుతోంది," అన్నాడు వరప్రసాద్.

మార్మోగడం ఆగలేదు. ఒక సుత్తి. రెండు. నాలుగు. చెక్కకి మేకులు దిగుతున్న చప్పుడు, కాళ్ల కింద, బురద లోతుల్లో. అప్పటిదాకా ముక్కు బద్దలయ్యేలా ఉన్న మురుగు కంపు పోయింది. రంపపు పొట్టు వాసన... పచ్చి రంగుల వాసన... రెండేళ్లుగా ఆయన కలవరించిన వాసన.

"సెట్టు వేస్తున్నారు మనూ," అని గుసగుసలాడాడు. మొహం వెలిగిపోతోంది. సుత్తి పట్టుకుని గట్టు దిగాడు.

"ఏవండీ... వెనక్కి రండి."

ఆయన జమ్ముదుబ్బుల వెనక్కి వెళ్లాడు. జమ్ము కదిలింది. తర్వాత కదలలేదు.

మనోజ్ఞ ఆయన వెనకే గట్టు దిగబోయింది. కాలు దింపితే బురద చీలమండ దాకా లాగింది. ఇక ఆమెకి ఒకటే తోచింది. గేటు దగ్గరికి పరుగెత్తి ఆ గుమ్మడికాయని తాడుతో సహా లాగేసింది.

"వద్దమ్మా," అన్నాడు భిక్షం, చెయ్యి అడ్డం పెట్టి. "గది కొట్టే కాయ గాదు. గాళ్లు గేటు దాటకుండ కట్టిన కాయ."

ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. కాయని నేలకేసి కొట్టింది.

ఒక సుత్తి ఆగింది. ఇంకొకటి. మరొకటి. నాలుగోదీ ఆగింది. ముసురు చప్పుడు మళ్లీ వినిపించింది.

జమ్ము పక్కకి తప్పుకుంది. వరప్రసాద్ వస్తున్నాడు. ఛాతీ దాకా బురద, కానీ మనిషి నిక్షేపంగా ఉన్నాడు. ఆమె భోరుమని ఏడ్చి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. వానలో తడిస్తే ఎవరి చెయ్యైనా చల్లగానే ఉంటుందని సర్దిచెప్పుకుంది. సుత్తి మాత్రం ఆ చేతిలో లేదు.

ఆయన పగిలిన గుమ్మడికాయని దాటి, గేటు బయట నిలబడి, రోడ్డు మీది దీపాలని చాలాసేపు చూశాడు. భిక్షం ఎప్పుడో పారిపోయాడు.

"పదండి, ఇంటికెళ్దాం," అంది మనోజ్ఞ.

ఆయన తల ఊపాడు. తర్వాత, చాలా మర్యాదగా, ఆమె మొహంలోకి చూడకుండా అన్నాడు.

"రేపు మూత వెయ్యమని రాసెయ్యండి మేడమ్."



వెనక, గుంట అడుగున... టక్ టక్... ఠంగ్.