సున్నపు గోడలో సిమెంటు

కొండ ఊరి నీటి తొట్టిలో తేలిన శవం మన ఏజెంటుదే. గొంతు కోసి ఉంది.

"రేపు ఆ కొండ ఊళ్ళోనే రెండు దేశాల మంత్రులు సంధి మీద సంతకాలు పెడతారు," అన్నాడు చీఫ్. "వాళ్ళను చంపడానికి విదేశీ ముఠా దిగింది. దుబాసీగా మీ అక్క వెళ్తోంది. అందుకే నిన్ను పంపకూడదనుకున్నాను."

"మరి?"

"తాపీ పని తెలిసిన ఏజెంటువి నువ్వొక్కడివే. ఏం చేస్తాం, వెళ్ళు."

ఎండకు మాడిన కొండ మీద రాతి ఇళ్ళు. ఎప్పుడో జనం వదిలేసిన ఊరిని టూరిస్టుల కోసం పాత పద్ధతిలోనే నిలబెడుతున్నారు. సున్నం, మట్టి తప్ప గుప్పెడు సిమెంటు కూడా వాడకూడదని కట్టడి. పొద్దున్నే ఏజెంటు తలకు గుడ్డ చుట్టి, సున్నపు బకెట్ పట్టుకుని మేస్త్రీలలో కలిసిపోయాడు.

పట్టు స్కార్ఫు, ఎర్రటి పెదవులు, చూపు తిప్పుకోనివ్వని నడక. టూర్ గైడు ఎదురొచ్చింది. ముఠాలో ఉంటూనే చీఫ్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంటు ఆమె.

"ఇక్కడ నీళ్ళు కొనుక్కోవాలా?" కోడ్ వాక్యం వదిలాడు.

"బతిమాలుకోవాలి." జవాబు సరిగ్గానే ఉంది. "బాంబు కారులో వస్తుంది. కింద గేటు దగ్గర కాపు కాయి."

అతను గేటువైపు బయల్దేరి, సమావేశం హాలు ముందు ఆగిపోయాడు. లోపల గోడకు ఒకచోట మట్టి పూత పెచ్చులూడి, బూడిదరంగు కనిపిస్తోంది. వెళ్ళి గీకి చూశాడు. సిమెంటు. సున్నం ఒక్క రాత్రిలో గట్టిపడదు. ఆత్రం పట్టలేనివాడెవడో సిమెంటుతో పూడ్చి, పైన మట్టి మెత్తాడు. పొడిగాలికి అది కాస్తా ఊడింది.

ఉలి ఆనించాడో లేదో, వెనకనుంచి మెడకు తీగ బిగిసింది. వెయిటర్ వేషంలో ముఠావాడు. ఏజెంటు సుత్తితో వెనక్కి కొట్టాడు. మోకాలిచిప్ప పగిలిన చప్పుడు. తీగ సడలింది. రెండో దెబ్బ కణతకు తగిలింది. వాడిక లేవలేదు.

"గేటు దగ్గర ఉండమన్నానుగా." గుమ్మంలో గైడు. చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"చెప్పిన మాట వినే అలవాటు లేదు."

తూటా అతని భుజంలో దిగింది. రెండోది పేలేలోగా సున్నపు బకెట్ ఎత్తి ఆమె మొహాన కొట్టాడు. కళ్ళు మండిపోతూ, గుడ్డిగా కాలుస్తూ ఆమె హాలంతా తడబడింది. లోయవైపున్న కిటికీ గట్టు మోకాళ్ళకు తగిలి బయటికి దొర్లింది. కేక లోయ అడుగుదాకా వినిపించింది.

బయట అడుగుల చప్పుడు. అక్క గొంతు. ఒంటి చేత్తో సిమెంటు పగలగొట్టాడు. లోపల బాంబు. టైమర్‌లో మూడు. రెండు. ఎర్ర వైరు తాపీ అంచుతో తెంపాడు. ఒకటి దగ్గర అంకె నిలిచిపోయింది.

వెయిటర్ శవాన్ని ఈడ్చి, సంతకాల బల్ల మీది పొడవాటి గుడ్డ కిందికి తోశాడు. తలుపు తెరుచుకుని మంత్రులు, వాళ్ళ వెంట అక్క లోపలికొచ్చారు.

"ఆ రక్తమేంట్రా?" పళ్ళ మధ్యనుంచి అంది అక్క.

"గీరుకుందిలే."

విదేశీ మంత్రి కిటికీలోంచి లోయను చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడక్కా?"

"ఇంత ప్రశాంతమైన చోటు ఎక్కడా చూడలేదట."