పద్దెనిమిది గోళ్ళ శాపం

తుంగవరాన్ని ఉదయార్కుడనే రాజు ఏలుతున్న కాలంలో ఆ రాజ్యానికి తీరని కష్టం ఒకటి వచ్చిపడింది. రాజుకు లేకలేక కలిగిన కొడుకు కువలయుడు పన్నెండేళ్ళ వయసులో ఒక ఉదయం తన వేటకుక్కను వెంటబెట్టుకుని ఉత్తరపు అడవికి వెళ్ళాడు. ఆ కుక్క పేరు డేగ. పరుగులో దానికి సాటి వచ్చే కుక్క ఆ చుట్టుపక్కల లేదు. పొద్దు వాలేసరికి డేగ ఒక్కటే కోటకు తిరిగి వచ్చింది.

రాజభటులు ఏడాది పాటు అడవిని గాలించారు. ఎటు నడిచినా బయలుదేరిన చోటికే వచ్చి తేలేవారు. చివరకు విసిగి వెతకడం మానేశారు. రాణి మాట తగ్గించింది, తిండి తగ్గించింది. రాజు దుఃఖమంతా కోపంగా మారి కుక్క మీదికి మళ్ళింది. యజమానిని అడవిలో వదిలేసి తన ప్రాణం దక్కించుకున్న ద్రోహి అని దాన్ని తిట్టేవాడు. రాణి అడ్డుపడబట్టి దాన్ని చంపించలేదు.

డేగకు ఆనాటి నుంచి నిలకడ లేదు. పడుకోదు, కూర్చోదు, కోటగోడల వెంట తిరుగుతూనే ఉంటుంది. దాని గోళ్ళు వింతగా పెరగసాగాయి. కొడవళ్ళలా వంగి, వెనక్కి తిరిగి, దాని అరికాళ్ళలోకే గుచ్చుకున్నాయి. రోజూ తెల్లవారగానే అది ఉత్తరద్వారం దాటి అడవి వైపు బయలుదేరేది. అడవి అంచు చేరేసరికి నడవలేక కూలబడేది. కాసేపు మూలిగి, వచ్చిన దారినే కుంటుకుంటూ తిరిగి వచ్చేది. దారి పొడవునా నెత్తుటి అడుగులు పడేవి.

రాజాజ్ఞ మీద ఆస్థాన క్షురకుడు చిట్టెన్న ఒకసారి ఆ గోళ్ళు తీయబోయాడు. నలుగురు భటులు కుక్కను అదిమి పట్టుకున్నారు. గోటికి ఆనించగానే ఉక్కు ఉలి పుల్లలా విరిగింది. ఆ ముక్క చిట్టెన్న కుడిచేతిలో దిగబడి నరాలు తెగాయి. ఆ చెయ్యి మళ్ళీ పని చేయలేదు. భార్య అంతకు ముందే పోయింది. కూతురు ముత్యాలు కాస్త ఎదగగానే తండ్రి పనిసంచి అందుకుని, ఇల్లిల్లూ తిరిగి గోళ్ళు తీస్తూ ఆయన్ను పోషించసాగింది. తండ్రి చేతిని పాడుచేసిన కుక్క మీద ఆ పిల్లకు ఎన్నడూ కోపం రాలేదు. రోజూ తన సంకటిలోంచి ఒక ముద్ద తీసి దానికి పెట్టేది.

ఏడేళ్ళు గడిచాయి. రాణి దిగులుతోనే కన్నుమూసింది. ఆమె కర్మకాండ ముగిసిన మర్నాడు రాజు కుక్కను చంపమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ మాట విని పదమూడేళ్ళ ముత్యాలు ఒంటరిగా సభకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"ప్రభూ, పారిపోయి వచ్చిన కుక్కే అయితే రోజూ మళ్ళీ అటే ఎందుకు పోతుంది? చినబాబు ఉన్న చోటు దానికి తెలుసు. కాళ్ళు సాగడం లేదు, అంతే. కొంచెం గడువియ్యండి, ఆ గోళ్ళు నేను తీస్తాను" అంది.

 వచ్చే అమావాస్య మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడు రాజు. అది ఇరవై ఎనిమిది రోజుల గడువు.

చిట్టెన్న కూతురిని ఆపలేదు. ఉక్కుకు లొంగని గోళ్ళ సంగతి కొండమీద తపస్సు చేసుకునే మునికి తెలిసి ఉండవచ్చునని చెప్పి, తన పనిసంచిని ఎడమచేత్తోనే ఆమె భుజానికి తగిలించాడు. నాలుగు రోజులు ముళ్ళదారిలో నడిచి ముత్యాలు ఆ ముని గుహకు చేరింది. ఆయన చూపు పోయిన వృద్ధుడు. ఆమె చెప్పిందంతా విని బరువుగా నిట్టూర్చాడు.

"తల్లీ, ఆ రోజు రాజకుమారుడు ఆటకోసం కుక్కను ఒక జింకపిల్ల మీదికి ఉసిగొల్పాడు. కుక్క గోళ్ళు తగిలి అది చచ్చిపోయింది. ఆ జింకపిల్లను వనయక్షి కన్నబిడ్డలా పెంచుకుంటోంది. ఏ గోళ్ళు నా బిడ్డను చీల్చాయో అవే నిన్ను చీలుస్తాయని ఆమె కుక్కను శపించి, రాజకుమారుణ్ణి నిద్రపుచ్చింది. ఆ కుక్క తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళి పిలిస్తే తప్ప అతడు లేవడు."

ముల్లును ముల్లుతోనే తీయాలని, ఆ గోళ్ళను కోయగలిగింది దీర్ఘనఖుడనే రాక్షసుడి గోరు ఒక్కటేనని ముని చెప్పాడు. ఆ రాక్షసుడు కాటుకేరనే ఏటికి అవతల ఉంటాడు. కుక్క గోటి లోపల ప్రాణం ఉన్న చోటు నుంచి ఒక్క చుక్క నెత్తురు రాలినా రాజకుమారుడు ఇక ఎప్పటికీ లేవడని కూడా ఆయన హెచ్చరించాడు.

రెండు రోజులకు ముత్యాలు కాటుకేటి ఒడ్డుకు చేరింది. నీళ్ళు కాటుకలా నల్లగా ఉన్నాయి. ఒడ్డున పడి ఉన్న మొసలి ఒకటి కళ్ళు తెరిచి, రానూ పోనూ దాటిస్తానని మనిషిలా పలికింది.

"కూలిగా నీకు ఎంతో ఇష్టమైన జ్ఞాపకం ఒకటి ఇయ్యాలి" అంది.

ముత్యాలుకు పెద్ద ఆస్తులేమీ లేవు గానీ జ్ఞాపకం ఒకటి ఉంది. నాలుగేళ్ళప్పుడు జ్వరంతో పడుకుంటే తల్లి తన మీదికి వంగి నుదురు తడిమిన జ్ఞాపకం అది. తల్లి ముఖం గుర్తున్నది ఆ ఒక్క క్షణంలోనే. ఆమె చాలాసేపు ఆ ఒడ్డున కూర్చుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని మొసలి వీపు ఎక్కింది. అవతల దిగాక తనకు తల్లి ఉండేదని తెలుస్తోంది గానీ, ఎంత తలుచుకున్నా ముఖం మాత్రం కళ్ళముందుకు రాలేదు.

దీర్ఘనఖుడు ఒక బండ మీద రెండు చేతులూ చాచి కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క గోరు నాలుగు మూరల పొడవున నేలకు వేలాడుతోంది. మనిషి వాసన పసిగట్టి మింగడానికి లేచాడు గానీ, గోళ్ళు రాళ్ళలో చిక్కుకుని అడుగు వేయలేకపోయాడు.

ముత్యాలు, "అయ్యా, నేను గోళ్ళు తీసే ఇంటి పిల్లను. నీ గోళ్ళు తీస్తాను. అందులో ఒక ముక్క నాకియ్యి, చాలు" అంది.

రాక్షసుడు ఆమెను వింతగా చూశాడు. ఇంతవరకు తన ఎదుటికి వచ్చినవాళ్ళందరూ పారిపోయారో, కత్తి దూశారో అంతే. ముత్యాలు ఏటి ఒడ్డు నుంచి ఇసుకరాయి తెచ్చి, నీళ్ళు చల్లుతూ ఒక్కొక్క గోరే అరగదీసింది. ఆ పనికి తొమ్మిది రోజులు పట్టింది. ఆమె అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. ఆ తొమ్మిది రోజుల్లో రాక్షసుడు తన కథ చెప్పుకున్నాడు. అతనికి ఒక కూతురు పుట్టింది. ముద్దుగా ఎత్తుకోబోతే గోరు తగిలి పసిదాని బుగ్గ చీరుకుపోయింది. భార్య బిడ్డను తీసుకుని వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు.

చివరి గోరు తెగి పడ్డాక అతడు ముందుగా తన ముఖాన్ని తడుముకున్నాడు.

"ఇప్పుడు నా బిడ్డ పెళ్ళీడుకు వచ్చి ఉంటుంది. ఇంక ఎత్తుకునేదేముంది" అని, అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. ముత్యాలు పక్కనే కూర్చుని అతని ఏడుపు ఆగేదాకా కదల్లేదు. అతడు తన చిటికెనగోటి కొసను ఆమెకు ఇచ్చాడు. అది మంగలికత్తి కన్నా పదునుగా ఉంది.

ఆమె తుంగవరం చేరేసరికి ఎనిమిది రోజులే మిగిలాయి. డేగను పాత గుర్రపుశాలలో బంధించి ఉంచారు. లోపల అది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది. దాని మూతి తెల్లబడిందని, కళ్ళ మీద పొర కమ్మిందని ముత్యాలు అప్పుడే గమనించింది. ఆమె దాని పాదం పట్టుకోబోతే అది గుర్రుమని లాక్కుని ముంజేయి కరిచింది.

చిట్టెన్న గుమ్మం దగ్గర కూర్చుని అంతా చూస్తున్నాడు. "కాలు నువ్వు పట్టుకోవద్దమ్మా. అప్పుడు నలుగురిని పెట్టి పట్టించి తప్పు చేశాను. దాని కాలు అదే నీ చేతిలో పెట్టాలి. అందాకా ఊరికే ఉండు" అన్నాడు. గోరు తీసేటప్పుడు కొసను చూస్తూ ఉండాలని, మధ్యలో చెమ్మగా చుక్క కనిపిస్తే ప్రాణం ఉన్న చోటు దగ్గరపడినట్టని, అక్కడితో ఆపాలని కూడా చెప్పాడు.

మూడు రోజులు ముత్యాలు గడ్డి మీద కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదు. కుక్క తిరుగుతూ తిరుగుతూ ఆమె భుజాన్ని రాసుకుంటూ పోయేది. నాలుగో రోజున అది సంకటి ముద్ద తింటుండగా ఆమె దాని భుజం మీద చెయ్యి వేసి, అది ఉలిక్కిపడక ముందే తీసేసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తీసేసింది. సాయంత్రానికి చెయ్యి మోకాలి దాకా దిగింది, మర్నాటికి పాదం చేరింది. ఆ రోజు రాక్షసుడి గోటికొసతో మొదటి గోరు తీసింది. బియ్యపుగింజ మందాన కోయడం, కొసను చూడడం, మళ్ళీ కోయడం. మధ్యలో చెమ్మచుక్క కనిపించగానే ఆపేసింది. ఒక గోరు పూర్తికాగానే డేగ లేచి నాలుగు చుట్లు తిరిగి వచ్చేది. ఆమె ఎదురుచూసేది.

అమావాస్య ఉదయానికి పదిహేడు గోళ్ళు అయ్యాయి. మిగిలింది ముందరి కుడికాలి మడమ మీది గోరు. అది నేల తాకనిది కావడం వల్ల ఉంగరంలా పూర్తిగా చుట్టుకుని కండలో దిగిపోయింది. ఆమె రాక్షసుడి గోటికొసను ఆనించే సమయానికి రాజు భటులతో గుర్రపుశాలకు వచ్చాడు. ఒక భటుడి ఈటె రాతిగచ్చు మీద ఖంగుమంది. డేగ ఎగిరి గంతేసింది. గోరు ఎక్కడ లోతుగా తెగుతుందోనని ముత్యాలు గోటికొసను చప్పున వెనక్కి తీసుకుని, కుక్కను వదిలేసింది.

ఎండ నడినెత్తికి వస్తోందని సేనాని గుర్తు చేశాడు. ముత్యాలు లేవలేదు, పిలవలేదు. ఒళ్ళో చెయ్యి చాచి కూర్చుంది. డేగ గోడల వెంట తిరిగింది, రాజు ముందు నుంచి కుంటుకుంటూ పోయింది. చివరకు వచ్చి, వణుకుతున్న పాదాన్ని ఆమె చేతిలో పెట్టింది. ఆమె గోరును రెండుచోట్ల కోసి, ముక్కను కండలోంచి మెల్లగా బయటికి లాగింది. పాత పుండు నుంచి చీము కారింది గానీ గోటి నుంచి నెత్తురు రాలేదు. రాజు భటులను బయటికి పొమ్మన్నాడు.

డేగ లేచి ఉత్తరద్వారం వైపు నడిచింది. రాజు, ముత్యాలు దాని వెనకే నడిచారు. అది ముసలిది కాబట్టి వేగంగా పోలేకపోయింది, కానీ ఎక్కడా దారి తప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి మోదుగుచెట్ల మధ్య ఒక పచ్చికబయలుకు చేరారు. అక్కడ పన్నెండేళ్ళ కువలయుడు చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. డేగ అతని చెవి దగ్గర మూతి పెట్టి ఒక్కసారి మొరిగింది.

కువలయుడు కళ్ళు నులుముకుని లేచాడు. డేగా, డేగా అని చెట్ల వైపు పిలిచాడు. తర్వాత తన కాళ్ళ దగ్గర తోక ఊపుతున్న కుక్కను చూసి, "ఇది ఎవరి కుక్క? పాపం, ఎంత ముసలిదో" అన్నాడు.

 ముత్యాలు జవాబు చెప్పింది. "ఇదే నీ డేగ, చినబాబూ. నువ్వు నిద్రపోయి ఏడేళ్ళయింది."

కువలయుడు కుక్క తలను రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నెరిసిపోయిన తండ్రిని చూశాడు. అమ్మ ఎందుకు రాలేదని అడిగాడు. రాజు పచ్చిక మీద కూర్చుండిపోయి కొడుకును దగ్గరికి లాక్కున్నాడు. ఆ లాక్కోవడంలోనే కువలయుడికి సంగతి అర్థమైంది.

ఏడుపు తగ్గాక చెట్టు చాటున నిలబడి ఉన్న ఒక స్త్రీ వారికి కనిపించింది. ఆమె వనయక్షి. కువలయుడు వెళ్ళి ఆమె పాదాల దగ్గర మోకరించి, కుక్కను ఉసిగొల్పింది తానేనని, దానికి తెలియదని, తప్పంతా తనదేనని చెప్పాడు.

"ఈ మాట ఆనాడు ఎవరూ అనలేదు" అంది యక్షి. "నువ్వు నీ తండ్రికి దక్కావు. నాకు నా బిడ్డ రాదు. అయినా వెళ్ళు, నా శాపం తీరింది." ఆమె మోదుగుల మధ్య కనిపించకుండా పోయింది.

డేగ అప్పటికే గడ్డిలో ముడుచుకుని పడుకుంది. అది పోయిందేమోనని ముత్యాలు దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. అది నిద్రపోతోంది. ఏడేళ్ళలో అదే దానికి తొలి నిద్ర. దాన్ని లేపవద్దని రాజు సైగ చేసి, ఎండ పడకుండా తన ఉత్తరీయాన్ని కొమ్మకు కట్టాడు. ద్రోహి అని నిన్ను తిట్టిన నోటితో క్షమించమని ఎలా అడగనని, నిద్రపోతున్న కుక్కతోనే మెల్లగా అన్నాడు.

తుంగవరంలో ఇంటింటా తోరణాలు కట్టారు. డేగ ఇంకో వానాకాలం బతికింది. దాని గోళ్ళు తీయడం కువలయుడు ముత్యాలు దగ్గర నేర్చుకున్నాడు. ఒక రోజు అలా గోళ్ళు తీస్తుండగానే అది అతని ఒళ్ళో తల వాల్చి ప్రాణం విడిచింది. రాణి సమాధి పక్కన గొయ్యి తవ్వించి, రాజు మొదటి పిడికెడు మట్టి తానే వేశాడు. చిట్టెన్నను కోటలోకి పిలిపించి, పనిచేయని ఆయన చేతిని కళ్ళకద్దుకుని క్షమాపణ అడిగాడు.

పదేళ్ళ తర్వాత కువలయుడు సింహాసనం ఎక్కాడు, ముత్యాలును పెళ్ళి చేసుకున్నాడు. క్షురకుడి కూతురు రాణి కావడమేమిటని గొణిగినవాళ్ళు లేకపోలేదు గానీ, ఆమె ఓపిక చూశాక వాళ్ళూ మెత్తబడ్డారు. వారిద్దరి ఏలుబడిలో వానలు కురిశాయి, పంటలు పండాయి, ప్రజలు చల్లగా బతికారు. మోదుగులు పూచే కాలంలో మాత్రం ఆ రాజూ రాణీ ఏటా పరివారం లేకుండా ఉత్తరపు అడవికి వెళ్ళేవారు. తల్లిని పోగొట్టుకున్న ఆ ఇద్దరూ, బిడ్డను పోగొట్టుకున్న యక్షి ఒంటరిగా ఉండకూడదని, ఒక పగలంతా ఆ పచ్చికబయలులో కూర్చుని వచ్చేవారు.