కాగితం మీది బొటనవేలు

ఆ ఉదయం గంగులు చద్దన్నం ముందు కూర్చున్నాడన్న మాటే గాని ముద్ద దిగలేదు. పక్కనే ఫండు కాగితం, మిల్లులో కూలీలను పనిలో పెట్టే సర్దారు అరువిచ్చిన సిరా డబ్బా. గోనె మిల్లు ధూళి పీల్చి పీల్చి దగ్గు ముదిరి నెల కిందట పని మానేశాడు. ఇన్నాళ్లూ జీతంలో కోసిన ఫండు చేతికొస్తే విజయనగరం ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు. ఆ వేలే అతన్ని వణికిస్తోంది.

మిల్లు పుస్తకాల్లో అతని పేరు గంగులు కాదు, రాముడు. రాముడు అతని అన్న. పన్నెండేళ్ల కిందట, యాభై ఆరులో అన్న జ్వరంతో పోతే, పని పోకుండా అదే పేరున తమ్ముణ్ణి నిలబెట్టాడు సర్దారు కూర్మయ్య. అప్పటినుంచి మిల్లు గేటు దగ్గర హాజరులో "రాముడు" అని పిలిస్తే "ఉన్నాను" అంటూ వచ్చాడు పాపం.

"అన్న ఫండులో సేరినప్పటి పాత కాగితం మీది ముద్దరతో సరిసూస్తారట. తేడా వస్తే పోలీసులకి ఒప్పజెప్తామని గుమస్తా సెప్పినాడే," అన్నాడు.

"ఒక కడుపున పుట్టినోళ్లు. ఏలిముద్దర్లు మాత్తరం ఒక్కలాగుండవా ఏటి? ఎయ్యి మావా," అంది అతని పెళ్లాం బుల్లమ్మ. చేతిలోని చెంబు కింద పెట్టి, కాగితం అతని ముందుకు జరిపింది.

గంగులు వేలు సిరాలో అద్దాడు. అంతే, అన్న భార్య గున్నమ్మ వంటింట్లోంచి ఒక్క ఉదుటున వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఒద్దు గంగులూ! ఎయ్యకు!"

బుల్లమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఏటప్పా ఇది? మనిషి రగతం కక్కుతన్నాడు, నీకు కనపడ్డం నేదా? నా మొగుడికి కేరేజీ ఒక్కనాడైనా నన్ను అట్టుకెల్లనిచ్చినావా? పొద్దుటే గేటుకాడికి నువ్వే పరిగెట్టీదానివి. ఈ డబ్బొస్తే నీ పెత్తనం పోతాదని బయమా?"

గున్నమ్మ గోడకు జారగిలబడింది.

"ఆ పాత కాగితం మీదున్న ఏలు మీ అన్నది కాదురా. నాది."

గంగులు కాగితం పక్కకు నెట్టాడు.

"ఆ దినం ఆయన సలిజొరంతో ఒణికిపోతన్నాడు. సాయంత్రంలోగా కాగితం ఇచ్చీయాలని కూర్మయ్య తొందరెట్టినాడు. ఎవుల ఏలైతే ఏటి, ఎయ్యమ్మా అన్నాడు. ఏసీసినాను. పోలీసులట్టుకెల్లిపోతారని ఇన్నేళ్లూ నోరిప్పనేదు."

"అయితే ఇప్పుడూ నువ్వే ఎయ్యి అప్పా!" బుల్లమ్మ ప్రాణం లేచొచ్చినట్టు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది, కదల్లేదు.

"ఎయ్యాలే బుల్లీ. నాకు తెల్దా? ఏస్తే మిల్లు పుస్తకాల్లో ఆయన పేరు కొట్టెస్తారు గదా," గున్నమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాను కేరేజీ కోసమే ఎల్లీదాన్ననుకున్నావా? మొగుడి పేరు నా నోటితో అనకూడదు. ఈ ఇంట్లో ఇంకెవులూ అనరు. ఆ గేటుకాడ రోజూ పిలుస్తారు. గంగులు 'ఉన్నాను' అనీసరికి, ఆయనున్నట్టే ఉండీది. పని మానీసినా ఈ నెల్లాళ్లూ పిలుస్తన్నారు. పలికీవోడే లేడు. అయినా ఎల్లి ఇనొస్తన్నాను."

బుల్లమ్మ ఆమె చెయ్యి వదిలేసింది. పన్నెండేళ్లుగా ఈ మనిషి మీదా తను కడుపులో కక్ష పెట్టుకుంది!

గున్నమ్మ కళ్లు తుడుచుకుని వేలు సిరాలో అద్దింది. కాగితం మీద ఒత్తి, చాలాసేపు తీయలేదు. సిరా అంటిన ఆ వేలు బుల్లమ్మే కడిగింది.

కాగితం మిల్లుకు పంపాక, ముద్ర కలిసినా మోసం బయటపడుతుందేమోనని ఇరవై రోజులు ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కుక్క అరిస్తే ఉలికిపాటు, తలుపు చప్పుడైతే పోలీసులేమోనని భయం. ఓ మధ్యాహ్నం వీధి మొగలో ఖాకీ బట్టలు కనపడగానే గంగులు పెరట్లోకి పరిగెత్తాడు.

ఖాకీ మనిషి వాళ్ల గుమ్మం ముందే ఆగాడు. భుజాన సంచీ ఉంది.

"రాముడెవరు? మిల్లునించి ఫండు మనియార్డరు!"

"మావా, పలుకు!" బుల్లమ్మ గుసగుసలాడింది. పెరటి గుమ్మంలో నిలబడ్డ గంగులు నోరు తెరిచాడు గాని దగ్గు తెర కమ్మేసింది.

"రాముడు ఉన్నాడా, లేడా?" విసుక్కున్నాడు తపాలా మనిషి.

బుల్లమ్మ గిరుక్కున తిరిగి, గున్నమ్మను రెండు చేతులా పట్టుకుని గడప దగ్గరికి తెచ్చింది.

"నువ్వే పలుకప్పా. బావ నీవోడు."

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసింది.

"ఉన్నాడు బాబూ," అంది. "రాముడు ఉన్నాడు."

ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. బుల్లమ్మ ఆమె భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.