వేపపుల్లలు పెట్టిన తోలు

నిన్న సాయంత్రం వన్నూరమ్మ తోలు మీద ఉలితో పొడిచిన నెమలికి పొద్దున లేచేసరికి కన్ను లేదు. ఈకల్లోని చుక్కలూ లేవు. ల్యాంప్‌షేడ్ మీద వేసిన రంగులున్నాయి గానీ, వెలుతురు రావలసిన రంధ్రాలన్నీ పూడిపోయాయి.

"అయ్యో నా రాత! ఏంది పాపా ఇది?" అని ఆ తోలు తెచ్చిచ్చిన డాక్టర్ నీలవేణిని నిలదీసింది.

తాతల నాటి నుంచీ ఆ ఇంటికి మేకతోలు బొమ్మలే కూడు పెట్టాయి. బొమ్మలాట చూసేవాళ్లు కరువయ్యాక అదే తోలుతో ల్యాంప్‌షేడ్‌లు చేసి నెట్టుకొచ్చారు. ఈమధ్య కొత్త చట్టం వచ్చింది: చంపిన జంతువు తోలు అమ్మకూడదట! ఆ ఇంట్లో ఆరుగురు ఆడవాళ్ల పని అంతటితో సరి. అప్పుడొచ్చింది నీలవేణి, తన ల్యాబ్‌లో పెంచిన తోలుతో. మేక చెవి నుంచి గోరంత ముక్క తీసి ద్రవంలో పెంచితే దుప్పటంత తోలవుతుంది. మేక మాత్రం హాయిగా ఆకులు మేస్తూనే ఉంటుంది. ఆ తోలు ప్రాణంతోనే ఉంటుంది. రోజూ నీళ్లు చల్లితే చాలు, చినిగినా తనే అతుక్కుంటుంది. పట్నంలో ఒక కొత్త సభామందిరం వాళ్లు నలభై షేడ్‌లు అడిగారు. ఇవ్వకపోతే ఉలులు అటకెక్కాల్సిందే.

"గాయం మానినట్టు మానిపోతోంది పెద్దమ్మా," అంది నీలవేణి చిన్నబోయి. "అంచులు కాలిస్తే రంధ్రం నిలుస్తుంది."

"బతికున్నదాన్ని కాలుస్తావా? నోరెట్లొచ్చింది నీకు!"

"దానికి నరాల్లేవు. నొప్పి తెలీదు."

"నా చేతికున్నాయి కదా పాపా, నరాలు!"

వన్నూరమ్మ తన చెవి తమ్మె తడుముకుంది. చటుక్కున లేచి పెరట్లోకెళ్లి వేపపుల్లలు విరుచుకొచ్చింది. పసిబిడ్డకు చెవులు కుట్టాక పూడకుండా పెట్టేది అవే కదా! నెమలిని మళ్లీ పొడిచి, రంధ్రానికో సన్నటి పుల్ల గుచ్చి, పసుపూ నూనే రాసింది. పదకొండో రోజు తీస్తే అంచులు గట్టిపడ్డాయి. దీపం పెట్టగానే నెమలి కన్ను వెలిగింది. ఇంత చదువు చదివి తనకు తట్టలేదే అని నీలవేణి నవ్వుకుంది.

అయితే చెవులు ఊరికే కుడతారా ఎక్కడన్నా? ఆడవాళ్లు ఒక్కోదానికీ బెల్లం పంచారు, పేరు పెట్టారు, నీళ్లు చల్లుతూ జోల పాడారు. రెండు నెలల్లో నలభై సిద్ధమయ్యాయి.

సభామందిరం మనిషి వ్యాను తెచ్చాడు.

"వీటికి నీళ్లెవరు చల్లుతారు నాయనా?" అని అడిగింది వన్నూరమ్మ.

"మిషనుందిలేమ్మా. పాడైతే పారేసి కొత్తవి తెప్పిస్తాం."

వన్నూరమ్మ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చెవులు కుట్టిన బిడ్డల్ని ఎవరన్నా అమ్ముకుంటారా? పో నాయనా, పో!"

వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది. నీలవేణి అరుగు మీద కూలబడింది. వన్నూరమ్మ పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"కోపం చేసుకోబాకు పాపా. ఒక్క సాయం చెయ్యి. ఈసారి చచ్చిన తోలు పెంచగలవా?"